వయసు మీరిన కన్ను – చీకటిగదిలో చిత్రపరిశీలన కాంతి

నలుపు-తెలుపు ఛాయాచిత్ర ముద్రణలో తుది తీర్పు కంటిదే. వయసు పైబడేకొద్దీ కనుపాప సంకోచిస్తుంది. కంటి కటకం పసుపుబారుతుంది. 20 ఏళ్ల కంటితో పోలిస్తే 60 ఏళ్ల కంటి రెటీనాను చేరే కాంతి సుమారు మూడోవంతే. కళ్లద్దాలు స్పష్టతనిస్తాయి గాని ఈ లోటును పూరించవు. మసక వెలుతురులో నీడల వివరాలు కనిపించక, ముద్రించే వ్యక్తి చిత్రాన్ని అవసరానికి మించి లేతగా తీస్తాడు. దీపకాంతిని మితిమీరి పెంచితే దోషం తారుమారవుతుంది: అక్కడ నిండుగా తోచిన చిత్రం గోడమీద నల్లబారుతుంది.

ఐఎస్‌ఓ 3664 ప్రమాణం సూక్ష్మ పరిశీలనకు 2000 లక్స్, సాధారణ వీక్షణస్థితిలో అంచనాకు 500 లక్స్ నిర్దేశిస్తున్నది. కాబట్టి వివరాలను ప్రకాశవంతమైన దీపం కింద వెతికి, గాఢతను ప్రదర్శనస్థలానికి దగ్గరైన వెలుతురులో నిర్ణయించడం యుక్తం. సేఫ్‌లైట్ నుంచి వెలుగులోకి వచ్చిన కంటికి కొన్ని నిమిషాల వ్యవధి అవసరం. తడి చిత్రం ఆరాక కొంత ముదురుతుంది గనుక తుది నిర్ణయం ఆరిన ప్రతిపైనే జరగాలి.