లైన్ క్లియర్ అంటే ఏ లైన్?

మన కాలేజీలో ‘లైన్’ అనే మాట లేకుండా ఒక్కరోజు గడవదు. క్యాంటీన్లో లైన్ అంటే వరుస. ఫోన్లో ‘లైన్లో ఉండు’ అంటే పెట్టెయ్యొద్దని. షార్ట్ ఫిల్మ్ బ్యాచ్‌కి అది కథ, క్రికెట్ బ్యాచ్‌కి బంతి వెళ్లే దారి. ‘లైనేస్తున్నాడు’ అంటే ఏంటో మీకు నేను చెప్పాలా! లాటిన్లో దీని మూలం అవిసె నార దారం. మనం గీత, వరుస, తీగ, పట్టా అన్నీ ఆ దారానికే కట్టేశాం.

నాకు మాత్రం ‘లైన్ క్లియర్’ మీదే ఆసక్తి. పేపర్లో ‘ఫ్లైఓవర్‌కు లైన్ క్లియర్’ అని వస్తే అడ్డు తొలగిందని అర్థం. అసలిది రైల్వే మాట. 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వే హెడ్డాఫీసు ఉన్న సికింద్రాబాద్‌లో తిరుగుతూ ఇది తెలియకపోతే ఎట్లా? ఆటోమేటిక్ సిగ్నళ్లు లేని చోట రెండు స్టేషన్ల మధ్య ఒక లైన్ మీద ఒక్క రైలే ఉండాలి. అవతలి స్టేషన్ మాస్టర్ ‘లైన్ క్లియర్’ ఇస్తేనే ఇవతలి ఆయన బండిని వదులుతాడు.

కరెంటోళ్ల దగ్గర ఇదే మాట తిరగబడుతుంది. వాళ్లు ‘ఎల్‌సీ’ అంటారు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే సప్లై ఆపిస్తాడు. పని అయి కిందికి దిగాక ఆ ఎల్‌సీ వెనక్కి ఇస్తేనే మళ్లీ స్విచ్ వేయాలి. రైలుకేమో అది ‘ఇక కదులు’, కరెంటుకేమో ‘ఆగు’. మధ్యలో ఎవరైనా తొందరపడి సప్లై ఇస్తే పైనున్న మనిషి ప్రాణం పోతుంది. అట్లా పోయినవాళ్ల వార్తలు వస్తూనే ఉన్నాయి.

ఈఈఈ వాళ్లూ, ఈసారి సబ్‌స్టేషన్ విజిట్‌కి వెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సెల్ఫీలు అయ్యాక, ఎల్‌సీ ఎట్లా రాసుకుంటారో కూడా అడిగి రండి.