మూడు గొంతుల పాట

ఆటబొమ్మలోని కీచుమ్రోతను సంగీతమన్నచో మన యిండ్లలోని పెద్దలు నవ్వుదురు. వీణానాదము మరగిన చెవికి అది కటువుగానే యుండును. అయినను ఆ మ్రోతతోనే కచ్చేరీలు చేయువారు గలరు. దానిని చిప్ సంగీతమందురు. జర్మనీదేశమున బెర్న్‌హార్డ్ కిర్ష్, డ్రాగన్ ఎస్పెన్‌షీడ్ అను నిద్దఱు "బోడెన్‌స్టెండిగ్ 2000" అను పేర జంటకట్టి, లోకము మూలకు నెట్టిన పాత కంప్యూటర్లతో పాటలు కూర్చిరి. ఆ మొదటి మాటకు నేలను నమ్ముకొన్నదని యర్థము. వారి గీతసంపుటమొకటి 1999లో ఇంగ్లండునందలి రెఫ్లెక్స్ సంస్థద్వారా వెలువడినది.

జంటగా పాటలు కూర్చుట మనకు క్రొత్త కాదు. రాజ్-కోటి పాట వినని తెలుగిల్లు అరుదు. వీరు కోరి పేదవాద్యమును చేపట్టుటయే వింత.

ఆ పేదఱిక మెట్టిదో చూడుడు. 1982లో వచ్చిన కమడోర్ 64 అను కంప్యూటరునకు రాబర్ట్ యానెస్ అను ఇంజనీరు ప్రత్యేకముగా నొక శబ్దపు చిప్‌ను రూపొందించెను. దానికి గొంతులు మూడే. ఒకటి మంద్రమున నడచి, ఒకటి పాట పాడినచో, తాళమునకు మిగులునది ఒక్కటి. మఱి స, గ, ప మూడును కలసి మ్రోగవలెనన్న నెట్లు? ఒకే గొంతుచేత ఆ స్వరములను ఒకదాని వెంట నొకటి, సెకనుకు 50 మాఱులు మార్చుచు పలికింతురు. చెవి మోసపోయి మూటిని ఒక్కటిగా వినును. ఆ గలగలయే యీ పాటకు గుర్తు. పిండి తక్కువైననాడు అట్టు పలుచగా పోసి పంక్తినంతటిని తృప్తిపఱచు నిల్లాలి నేర్పు మాకు జ్ఞప్తికి వచ్చినది.

1989లో వచ్చిన గేమ్‌బాయ్ అను చేతిబొమ్మకు గొంతులు నాలుగు. అందొకటి హోరు మాత్రమే చేయును. స్వీడన్‌వాసి యోహాన్ కోట్లిన్‌స్కి వ్రాసిన "లిటిల్ సౌండ్ డీజే" అను ప్రోగ్రాము ఆ బొమ్మను వాద్యముగా మార్చినది. ఇందొక చిక్కు గలదు. పెక్కు పాత కేసెట్టులలో కూర్చిన పాట గుండీయంత బ్యాటరీ యాధారమున నిలుచును. అది వట్టిపోయిన దినమున పాటయు పోవును. తెలివిగలవారు ముందే వేఱొకచోట ప్రతి తీసి దాచుకొందురు.

మా గోదావరిఖని ప్రాంతమున "పాతబడినది" అను మాటను ఊరకే పలుకరు. రామగుండములో 1971 నుండి పనిచేసిన 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రము 2024లో మూతపడినది. బొగ్గుబాయి పనివారి యిండ్లలో పదవీవిరమణ యెట్టిదో యెల్లరకు నెఱుకయే. దండవేసి, ఫొటో తీసి పంపుదురు. మఱునాడు సైరను కూయగానే ఆయన మేల్కొని, పోవుటకు చోటులేక మంచముమీద కూర్చుండును. అందుచేత కాబోలు ఈ జర్మనుల పని మాకు వట్టి యాటగా తోపలేదు. పనికిరాదని వ్రాసిన యధికారి దానికి చేతనైన పనియంతయు చూచి వ్రాసెనా యని యడుగబుద్ధియగును. ఎస్పెన్‌షీడ్ తరువాత న్యూయార్కులోని రైజోమ్ అను కళాసంస్థలో చేరి, కంప్యూటర్లపై పుట్టిన కళాకృతులు నశింపకుండ కాపాడు పనిని చేపట్టెను.

అటకమీద పాత ఆటబొమ్మ యున్న సోదరీమణులు దానిని తూకమునకు వేయకమున్ను బ్యాటరీగూటి మూత తీసి చూడవలెను. కారి పేరుకొన్న తెల్లని పొడిని వట్టిచేత ముట్టరాదు, పిల్లలను దాపునకు రానీయరాదు. అది లోపలి రేకులను తినివేయును. పొడిగుడ్డతో తుడిచి, క్రొత్త బ్యాటరీలు వేసి, ఒక్కమాఱు పలికించి చూడుడు.