మునగాకు పొడీ, మందుబిళ్లా

నల్లగొండలో వుండే మా పెద్దమ్మకు గుండెలో లోహపు కవాటం అమర్చి ఆరేళ్లయింది. రక్తం గడ్డకట్టకుండా నాటినుంచీ రోజూ వార్‌ఫరిన్ బిళ్ల వేసుకుంటున్నది. మొన్న వెళ్లేసరికి పూటపూటా మజ్జిగలో మునగాకు పొడి కలుపుకుంటున్నది! మోకాళ్ల నొప్పులకట. అడిగితే, "ఆకేగదా బిడ్డా, ఏంజేస్తది?" అన్నది.

చేస్తుందండీ. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు కాలేయంలో తయారు కావాలంటే కె విటమిన్ వుండాలి. వార్‌ఫరిన్ దానికే అడ్డు తగులుతుంది. ఆకుల్లో దండిగా వున్నదీ అదే! ఉన్నట్టుండి పొడి మొదలుపెడితే బిళ్ల ఓడిపోతుంది. కవాటం మీద గడ్డకడితే పక్షవాతమే రావచ్చు. పరీక్ష చేయిస్తే ఐ.ఎన్.ఆర్. 1.6, ఆమెకు వుండవలసింది 2.5 నుంచి 3.5.

ఈ మందు కథ మొదలైందీ మేతతోనే. 1920ల్లో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన క్లోవర్ మేత తిన్న పశువులు నెత్తురు కారి చచ్చాయి. ఆ మేతలోని విషాన్ని కార్ల్ లింక్ బృందం వేరు చేసింది. దాని వంశంలోదే వార్‌ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషుల మందయింది.

చేపనూనె, వెల్లుల్లి, పసుపు గుళికలది ఎదురుదారి. వాటివల్ల రక్తస్రావం పెరగవచ్చు.

డాక్టరు పొడి ఆపించి, వారానికి మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. తోటకూర మాత్రం మానవద్దన్నారు. ఎప్పుడూ తినేటంత తినాలట. పెద్దమ్మ ఇంట్లోని డబ్బాలన్నీ సంచిలో వేసుకుని బయలుదేరింది. లెక్కపెడితే ఐదు!