పాత స్టోరేజి సర్వరుకు వేగమైన నెట్‌వర్క్ కార్డు



బళ్ళారిలో నాకు తెలిసిన ఒక కుర్రవాడు పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో నడుపుతున్నాడు. అతని దగ్గర నాలుగు డిస్కుల చిన్న స్టోరేజి సర్వరు ఒకటి ఉంది. హెచ్‌పీ వారు 2013లో విడుదల చేసిన మైక్రోసర్వర్ జెన్8 అది. ఆరేళ్ళ పెళ్ళిళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కో పెళ్ళి సుమారు 400 గిగాబైట్లు. దాన్ని ఎడిటింగు కంప్యూటరులోకి తెచ్చుకోవడానికి గంట పడుతోంది. "అన్నా, దీన్ని అమ్మేసి కొత్తది కొనమంటావా?" అని అడిగాడు. కొత్తది కొనాలంటే ఒక సీజను సంపాదన పోతుంది. తొందరపడవద్దు, ముందు అడ్డు ఎక్కడుందో చూద్దామన్నాను. ఆ చూసిన సంగతులే ఈవేళ మీతో ముచ్చటిస్తాను.

చెరువు నిండా నీళ్ళున్నా, పొలానికి అందేది తూము వదిలినంతే. ఇక్కడ చెరువు డిస్కులు. తూము నెట్‌వర్క్ కార్డు. కాలువ మన కేబులు, స్విచ్చి. ఆ సర్వరులో మొదటినుంచీ ఉన్న పోర్టు వేగం సెకనుకు 1 గిగాబిట్. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, అది 125 మెగాబైట్లు. ఆనవాళ్ళకు, చిరునామాలకు పోయేది పోగా చేతికందేది సుమారు 110. ఆ లెక్కన 400 గిగాబైట్లకు గంట పట్టడంలో వింత లేదు.

మరి డిస్కులు? పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు ఈ రోజుల్లో దొరికే ఒక్కో డిస్కు 150 మెగాబైట్లకు పైనే ఇస్తుంది. నాలుగూ కలిస్తే 300, 400 దాకా రావచ్చు. అంటే తూమే ఇరుకు. అయితే వేల కొద్దీ చిన్న ఫోటోలు తోడేటప్పుడు డిస్కు ముల్లు అటూ ఇటూ పరుగులు తీస్తుంది. అప్పుడు కార్డు మార్చినా ప్రయోజనం స్వల్పమే. అందుచేత ముందుగా సర్వరులోనే ఒక పెద్ద ఫైలును చదివించి వేగం కొలవండి. ఆ ఫైలు సర్వరు మెమరీకన్నా పెద్దదిగా ఉండాలి. లేకుంటే డిస్కు వేగానికి బదులు మెమరీ వేగం కనబడి మనలను మోసగిస్తుంది.

తర్వాత చూడవలసింది కార్డు దిగే స్లాటు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో వరుసలుంటాయి, వీటిని లేన్లు అంటారు. మొదటి తరంలో ఒక్కో లేనుకు సెకనుకు 250 మెగాబైట్లు, రెండవ తరంలో 500, మూడవ తరంలో సుమారు 985. తరాలు వేరైనా కార్డు పనిచేస్తుంది. వేగం మాత్రం రెండింటిలో తక్కువదానికి దిగుతుంది. స్లాటు పొడవు చూసి నమ్మకూడదు. పదహారు లేన్ల పొడవున్న స్లాటులో లోపల నాలుగు లేన్లకే తీగలుండవచ్చు. మదర్‌బోర్డు పుస్తకం చూడాలి. మన జెన్8లో ఒకటే స్లాటు ఉంది. అది రెండవ తరానిది, పొట్టి కార్డులకు మాత్రమే.

ఇక కార్డులు. 2.5 గిగాబిట్ కార్డుకు ఒక్క లేను చాలు. 10 గిగాబిట్ అంటే సెకనుకు 1250 మెగాబైట్లు. రెండవ తరం స్లాటులో ఒక పోర్టుకైనా నాలుగు లేన్లు కావాలి. సెకండ్‌హ్యాండు బజారులో కనిపించే ఇంటెల్ ఎక్స్520, ఎక్స్540, మెల్లనాక్స్ కనెక్ట్ఎక్స్-3 ఎనిమిది లేన్ల కార్డులు. ఎక్స్520కు ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూలు కావాలి, అన్ని మాడ్యూళ్ళనూ అది ఒప్పుకోదు. ఎక్స్540కు మామూలు రాగి కేబులు సరిపోతుంది, అయితే దానికి 10, 1 గిగాబిట్ల మధ్య మెట్లు లేవు. 2.5, 5 గిగాబిట్లకు ప్రమాణం 2016లో గాని రాలేదు. ఆ మెట్లు కూడా కావాలంటే ఆక్వాంటియా ఏక్యూసీ107 వంటి తర్వాతి చిప్పు చూడాలి.

ఈ మెట్ల సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మా ఇంటి సర్వరుకని పాత 10 గిగాబిట్ కార్డు ఒకటి తెచ్చాను. మొదట బిగించే రేకు పొడవై పెట్టెలో పట్టలేదు. పొట్టి రేకు వెతికి బిగిస్తే, నా 2.5 గిగాబిట్ స్విచ్చితో కలిసి 1 గిగాబిట్ వద్దనే ఆగిపోయింది. తప్పు కార్డుది కాదు, కొనేముందు చూసుకోని నాది.

మరో ముఖ్య విషయం డ్రైవరు. కార్డు స్లాటులో దిగినంత మాత్రాన సర్వరు దాన్ని గుర్తించదు. ఉదాహరణకు, రియల్‌టెక్ ఆర్‌టీఎల్8125 అనే 2.5 గిగాబిట్ చిప్పును లినక్స్ స్వయంగా గుర్తించడం 2019లో వచ్చిన 5.4 కెర్నల్‌తో మొదలైంది. అంతకన్నా పాత వ్యవస్థ ఉంటే ముందు దాన్ని మార్చుకోవాలి. రెడీమేడ్ స్టోరేజి పెట్టె అయితే తయారీదారు ఇచ్చే జాబితాలో ఉన్న కార్డే కొనండి.

కేబులు విషయం. క్యాట్ 5ఈ మీద 2.5 గిగాబిట్ 100 మీటర్ల దాకా వెళుతుంది. 10 గిగాబిట్‌కు క్యాట్ 6 అయితే 55 మీటర్లు, క్యాట్ 6ఏ అయితే 100. రెండే యంత్రాలుంటే స్విచ్చి కొననక్కరలేదు. రెండు కార్డులనూ ఒకే కేబులుతో నేరుగా కలిపి, ఆ దారికి వేరే చిరునామాలు ఇస్తే సరి.

చివరిగా, పెట్టె తెరవకముందే దానిలోని సమాచారానికి వేరొకచోట నకలు తీయండి. ఎవరి పెళ్ళి వీడియో అయినా మళ్ళీ తీయగలిగేది కాదు. పాత పోర్టును కూడా కేబులుతో అలాగే ఉంచండి. కొత్త కార్డు పలకకపోతే లోపలికి వెళ్ళే దారి అదే. కార్డు దిగాక ఐపెర్ఫ్3తో నెట్‌వర్కును విడిగా కొలిచి, ఆ తర్వాత ఫైలు కాపీ చేసి చూడండి. మొదటిది బాగుండి రెండవది తగ్గితే లోపం డిస్కుల వైపు వెతకాలి.

మా బళ్ళారి తమ్ముడు రెండు 2.5 గిగాబిట్ కార్డులు, ఒక కేబులుతో సరిపెట్టుకున్నాడు. 400 గిగాబైట్లు ఇప్పుడు సుమారు 25 నిమిషాలలో వస్తున్నాయి. 10 గిగాబిట్ కార్డు పెట్టినా అతని డిస్కులు అంతకు మించి పెద్దగా ఇవ్వలేవు. మిగిలిన డబ్బుతో నకలు కోసం ఒక డిస్కు కొన్నాడు. కార్డుకన్నా మంచి కొనుగోలు అదేనని నా అభిప్రాయం.