స్కీ బైక్: బ్రేకుల్లేని బండి మీద బోలెడు అపోహలు

చలికాలం సెలవులు దగ్గరపడితే చాలు, మనాలి, గుల్‌మర్గ్ టూర్ ప్యాకేజీల కబుర్లు సింహాచలం టీ కొట్లదాకా వచ్చేస్తాయి. వాటితోపాటే ఫోన్లలో ఒక వీడియో చక్కర్లు కొడుతుంది. సైకిల్లాంటి బండి, చక్రాల స్థానంలో స్కీ పలకలు, తెల్లటి వాలు మీద ఒకడు హాయిగా జారిపోతుంటాడు. వీడియోలో వాడి నవ్వు కనిపిస్తుంది గానీ, వాడు ఎలా ఆగాడో ఎవరూ చూపించరు. ఈ బండి గురించి మనవాళ్ళలో పాతుకుపోయిన అపోహల్లో సగం అక్కడ పుట్టినవే.

అపోహ: మంచు కావాలంటే అంత దూరం దేనికి, లంబసింగి ఉందిగా!

వాస్తవం: అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. ‘ఆంధ్రా కశ్మీర్’ అని పేరు పడింది. చలి ముదిరిన రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దాకా దిగుతుంది, నిజమే. కానీ తెల్లవారుజామున గడ్డిమీద మెరిసేది గడ్డకట్టిన నీటిబిందువులు, లోయలో కనిపించేది పొగమంచు. స్కీ పలక జారాలంటే ఆకాశం నుంచి కురిసి, పేరుకుని, గట్టిపడిన హిమం కావాలి. మన దేశంలో అది హిమాలయాల్లోనే దొరుకుతుంది. కశ్మీర్‌లో గుల్‌మర్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలి, మనాలి పైనున్న సోలంగ్ లోయ స్కీయింగ్‌కు పేరున్న చోట్లు.

అపోహ: సోలంగ్‌లో అద్దెకిచ్చే మోటారు బండే స్కీ బైక్.

వాస్తవం: కాదు. పర్యాటకుల్ని వెనక కూర్చోబెట్టుకుని తిప్పే ఆ బండి స్నో స్కూటర్. దానికి ఇంజిన్, కింద తిరిగే బెల్టు ఉంటాయి. మోటార్‌సైకిల్‌కు ముందు పలక, వెనక బెల్టు బిగిస్తే అది స్నో బైక్. స్కీ బైక్‌కు ఇంజిన్ లేదు, పెడళ్ళు లేవు, గొలుసు లేదు. ముందొక పలక, వెనకొక పలక, ఒక హ్యాండిల్, చాలావాటికి ఒక సీటు, అంతే. కదిలించేది భూమ్యాకర్షణ ఒక్కటే కాబట్టి దిగడమే తప్ప ఎక్కడం దానికి రాదు.

అపోహ: ఇది రీల్స్ కాలంలో పుట్టిన కొత్త సరదా.

వాస్తవం: అమెరికాలో 1892లోనే ఇలాంటి బండికి పేటెంట్ ఇచ్చారు. ఆస్ట్రియాకు చెందిన ఎంగెల్‌బర్ట్ బ్రెంటర్ 1949లో తన నమూనాతో దీనికి ఇప్పటి రూపం తెచ్చాడు. యూరప్‌లో దీన్ని స్కీబాబ్ అంటారు. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది, 1967లో తొలి ప్రపంచ పోటీలు ఆస్ట్రియాలోనే జరిగాయి. అంతకుముందే, 1964లో, ఎరిక్ బ్రెంటర్ అనే ఆటగాడు ఇటలీలోని చెర్వీనియాలో ఈ బండి మీద గంటకు 166 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆట బొమ్మ అనుకునేవాళ్ళు ఈ అంకెను ఒకసారి మళ్ళీ చదువుకోవాలి.

అపోహ: సింహాచలం ఘాట్‌లో బండి నడిపినవాడికి స్కీ బైక్ చిటికెలో పని.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. వారం వారం సింహాద్రి అప్పన్న దర్శనానికి ఘాట్ రోడ్డు ఎక్కి దిగేవాళ్ళకు వాలు మీద భయం ఉండదు. కానీ దిగేటప్పుడు వాళ్ళను కాపాడేవి ఏమిటి? చిన్న గేరులో వేస్తే ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. చేతి కింద ముందు బ్రేకు, కాలి కింద వెనక బ్రేకు ఉంటాయి. టైరు రోడ్డును కరచుకుని ఉంటుంది. స్కీ బైక్‌లో వీటిలో ఏ ఒక్కటీ లేదు.

మరి ఆగేదెలా? వాలుకు అడ్డంగా తిరగాలి. కొండ దిగువకు సూటిగా పోతే వేగం పెరుగుతూనే ఉంటుంది. అడ్డంగా తిరిగి, పలకల ఉక్కు అంచులు మంచును కోసేలా బండిని వాలిస్తే తగ్గుతుంది. ఇంకాస్త పైవైపుకు తిప్పితే ఆగుతుంది. అందుకే నేర్చినవాడు పాము మెలికల్లా అటూ ఇటూ తిరుగుతూ దిగుతాడు. అది విన్యాసం కాదు, అదే అతని బ్రేకు. చాలా రకాల్లో కాళ్ళకు కూడా పొట్టి పలకలు తొడుగుతారు. వాటిని మంచుకు నొక్కి వేగం తగ్గించుకోవచ్చు, తూలినప్పుడు ఆనుకోవచ్చు.

ఎంత వేగం పెరుగుతుందంటారా? పదంతస్తుల మేడ ఎత్తు, అంటే 30 మీటర్లు కిందికి దిగితే, ఘర్షణ, గాలి నిరోధం లేవనుకున్న లెక్కలో గంటకు 87 కిలోమీటర్లు వస్తాయి. మంచు, గాలి కొంత తినేస్తాయి గానీ, ఏ అడ్డూ లేకుండా సూటిగా వదిలేసినవాడికి మిగిలే వేగం కూడా తక్కువేం కాదు. కంగారు పుట్టగానే అలవాటు కొద్దీ కుడిచేతి వేళ్ళు లివర్ కోసం వెతుకుతాయి. అక్కడ లివర్ ఉండదు. ఆ కంగారులోనే హ్యాండిల్‌ను చటుక్కున తిప్పితే ముందు పలక అడ్డంపడి మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు. మలుపు హ్యాండిల్‌తో కంటే ఒళ్ళు వాల్చడంతో తిరగాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మోటార్‌సైకిల్ అనుభవం కాస్త పనికొస్తుంది.

అపోహ: స్కీయింగ్ రాకపోయినా పరవాలేదు, దీనికి నేర్చుకోవాల్సిందేమీ లేదు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, ఆ సగమే ఈ బండి గొప్పతనం. రెండు పొడవాటి పలకల మీద నిలబడటం కొత్తవాళ్ళకు నరకం. ఇక్కడ కూర్చోవచ్చు, పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంటుంది, బరువు కిందికి ఉంటుంది, కాలి పలకలు కూడా కలిస్తే నాలుగు ఆధారాలు. మోకాళ్ళు అరిగినవాళ్ళకు, కాళ్ళలో పట్టు తక్కువైనవాళ్ళకు ఇది వరమే. పొడవాటి స్కీ చిక్కుకుని మోకాలు మెలిపడే బాధ ఇక్కడ తక్కువ. విదేశాల్లో దివ్యాంగుల స్కీ శిక్షణలో దీనికి చోటు దక్కింది ఇందువల్లనే. కానీ సులువుగా మొదలుపెట్టగలిగినవాడు ఆగడం నేర్చుకోకముందే పై వాలుకు వెళ్ళిపోతాడు. మోకాలు బతికినా భుజం, మణికట్టు, తల ఉన్నాయి కదా. హెల్మెట్ తప్పదు.

అపోహ: మన సైకిల్‌కే పలకలు బిగించుకుంటే సరి.

వాస్తవం: మౌంటెన్ సైకిల్ చక్రాలు తీసి పలకలు పెట్టుకునే కిట్లు ఉన్నాయి. అయితే సైకిల్ సీటు ఎత్తు, దానివల్ల తూలడం ఎక్కువ. విశాఖ గోపాలపట్నంలో వెల్డింగ్ చేయించుకుని తీసుకెళ్ళాలనుకునే ఉత్సాహవంతులకు ఒకటే మాట: పలక ఊడిపోతే మీరు ఒకవైపు, బండి ఇంకోవైపు పోతారు, కింద జనం ఉంటారు. బండిని ఒంటికి కట్టే తాడు ఉండాలనేది అందుకే.

అపోహ: స్కీ కేంద్రమైతే చాలు, ఎక్కడికైనా తీసుకెళ్ళవచ్చు.

వాస్తవం: ప్రపంచంలో చాలా కేంద్రాలు అనుమతిస్తాయి, కొన్ని అనుమతించవు. కదులుతున్న కుర్చీ లిఫ్టులో బండితో ఎక్కడం, దిగడం వేరే విద్య. చదును నేల వస్తే దిగి తోసుకోవాల్సిందే. నడుముదాకా దిగబడే కొత్త మంచులో ముందు పలక కూరుకుపోతుంది, గాజులా గడ్డకట్టినచోట అంచులు పట్టవు. కాబట్టి బండి అద్దెకు తీసుకునే ముందే లిఫ్టులోకి రానిస్తారా, శిక్షకుడు ఉన్నాడా అని అడగాలి. విశాఖ తీరం నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళు ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. సింహాచలం కొండ 300 మీటర్లయితే గుల్‌మర్గ్ సుమారు 2,650 మీటర్లు, గొండోలా (కేబుల్ కారు) ఎక్కి అఫర్వత్ కొండ మీది స్టేషన్ చేరితే దాదాపు 3,980. తలనొప్పి, ఆయాసం వస్తున్నప్పుడు మలుపుల మీద మనసు నిలవదు. మొదటి రోజు బండి జోలికి పోకుండా ఊరు తిరిగి, రెండోరోజు అన్నిటికంటే తక్కువ వాలు మీద, ఆగడంతోనే పాఠం మొదలుపెట్టమని శిక్షకుణ్ణి అడగండి.