పెరటిలో సోంపు

భోజనానంతరము నోట వేసికొను సోంపును ఎరుగనివారు లేరు. సోంపు మొక్కను కన్నులార చూచినవారు మాత్రము మన ప్రాంతమున బహుకొద్దిమంది. పెద్ద జీలకర్ర అని కూడ పిలువబడు ఈ పంట మన దేశమున ముఖ్యముగా గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రములలో పండుచున్నది. దీని పుట్టినిల్లు మధ్యధరా సముద్ర తీరము. గ్రీకు భాషలో దీని పేరు మారథాన్. క్రీ. పూ. 490లో గ్రీకులు పారసీకులను ఓడించిన మైదానమునకు ఆ పేరు ఈ మొక్కను బట్టియే వచ్చినదందురు.

చల్లని పొడి వాతావరణమును కోరు ఈ మొక్క రోలుగుంట వంటి ఊరి పెరటిలో పండునా? రోలుగుంట 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో నుండి, ఆనాటి నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. పడమట తూర్పు కనుమలున్నను, ఇది మైదాన ప్రాంతమే. లంబసింగి చలి ఇక్కడ లేదు. ఆకు కొరకైనచో సోంపును పెంచుట కష్టము కాదు. గింజ కావలెనన్న మాత్రము తేదీలు లెక్క చూచుకొనవలెను.

విత్తినది మొదలు గింజ పక్వమగుటకు ఐదారు నెలలు పట్టును. నవంబరులో విత్తితిమా, పూత, గింజ కట్టుట మార్చి, ఏప్రిల్ ఎండలలో పడును. గింజ నిండకయే ఎండిపోవును. అక్టోబరులో విత్తుదమన్న అది తుపానుల మాసము. 2014 అక్టోబరు 12న విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్‌ను ఈ ప్రాంతీయులు మరువలేదు. నీరు నిలిచిన నేలలో లేత సోంపు వేరు కుళ్లిపోవును.

కనుక సెప్టెంబరు మొదట చూరు క్రింద, వెలుతురు తగులు చోట, కాగితపు గ్లాసులలో మొలకెత్తించి, వానలు తగ్గగానే మట్టిగడ్డతో సహా నాటుట మేలు. గుజరాత్ రైతులును నారు పోసి నాటు పద్ధతిని వాడుదురు. దీనికి పొడుగైన తల్లివేరు కలదు; నారును పెరికి నాటినచో ఆ వేరు తెగును. గ్లాసు అడుగున నీరు పోవుటకు రంధ్రము మరువరాదు.

కిరాణా దుకాణములోని సోంపు మొలచునా అని విద్యార్థులు అడుగుదురు. వేయించినది, చక్కెర పూత పూసినది మొలవదు. మిగిలినదానిని పరీక్షించియే తెలిసికొనవలెను. 25 గింజలను తడిగుడ్డలో చుట్టి, ఆరనీయక 14 దినములు లెక్కించుడు. సగమైనను మొలవకున్న వేరు విత్తనము తెచ్చుకొనుడు. గింజను ఒక సెంటీమీటరు లోతున విత్తవలెను. మొక్కకు మొక్కకు అడుగు దూరము, వరుసల మధ్య అడుగున్నర ఉండవలెను. మొక్క నిలువెత్తు పెరుగును గనుక గాలికి ఒరుగకుండ కర్ర పాతవలెను.

నిజమునకు మనము గింజ అనునది గింజ కాదు, ఫలము. కొత్తిమీర, వాము, క్యారెట్టుల కుటుంబమే దీనిదియు. గొడుగు ఊచలవలె విచ్చుకొను గుత్తులలో చిన్న పసుపు పూవులు పూయును. ప్రతి పూవులోను కేసరములు ముందు పక్వమై పుప్పొడి రాల్చును. కీలాగ్రము తరువాత సిద్ధమగును. కనుక పూవు తన పుప్పొడితో తాను ఫలించుట అరుదు. తేనెటీగలు, ఈగలు రావలెను. పేనుబంక పట్టినదని పూత మీద మందు చల్లువారు ఈ సహాయమును చేజేతుల పోగొట్టుకొందురు. నీటిని వేగముగా చిమ్మిన చాలును. అక్షింతల పురుగులు మిగిలినవానిని తినును.

ఫలము పండి రెండు ఫలాంశకములుగా చీలును. ఒక్కొక్కదానిపై ఐదు గట్లు, లోపల సన్నని తైలనాళములు కలవు. అడ్డముగా కోసి భూతద్దముతో చూచినచో ఇవి కనబడును. తైలములోని ముఖ్య పదార్థము అనెథోల్. చోడవరం ప్రాంతీయులకు తీపి యన్న చెరకు, బెల్లము తోచును గాని, అనెథోల్ చక్కెర జాతికి చెందినది కానేకాదు. అయినను నాలుకకు తీయగా తోచును. చిరుచేదును, కర్పూరపు వాసనను ఇచ్చునది ఫెంకోన్ అను వేరొక పదార్థము.

గుత్తులన్నియు ఒకేసారి పండవు. నడిమి గుత్తి ముందు, కొమ్మలవి తరువాత. ఆకుపచ్చ తగ్గి పసుపు ఛాయ తిరుగగానే గుత్తిని కోసి నీడన ఆరబెట్టవలెను. ఎండలో వేసిన రంగు వెలయును, తైలము కొంత ఆవిరియగును. మరుసటి సంవత్సరపు విత్తనమునకు మాత్రము ఒకటి రెండు గుత్తులను మొక్కపైననే పూర్తిగా పండనీయుడు.