శిక్షణ రింగు - పెద్ద రింగు - పోటీ రింగు

టీవీలో రెజ్లింగ్ చూసే ప్రతి ఒక్కరికీ ఒక సందేహం ఉంటుంది. ఇది నిజమా? నాటకమా? పి.జి. చదువుతున్న మాలాంటి సీనియర్లను తమ్ముళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే. ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు. ఇది దాపరికం లేని విషయం. కానీ పడటం నిజం, మోకాలు విరగడం నిజం. ఎదుటివాడికి హాని జరగకుండా ఎత్తి పడేయడం ఒక విద్య. ఆ విద్య నేర్పే ప్రదర్శనలకూ, మనం చూసే పెద్ద ప్రదర్శనలకూ, ప్రత్యర్థి సంస్థల ప్రదర్శనలకూ ఉన్న తేడాను మేము ఇక్కడ వివరిస్తాము.

శిక్షణ రింగు

అమెరికాలోని డబ్ల్యు.డబ్ల్యు.ఇ. సంస్థకు 2000 నుంచి 2008 వరకు కెంటకీ రాష్ట్రం లూయీవిల్ నగరంలోని ఒహాయో వ్యాలీ రెజ్లింగ్ శిక్షణ కేంద్రంగా ఉండేది. జాన్ సీనా, బటిస్టా, బ్రాక్ లెస్నర్, ర్యాండీ ఆర్టన్ నలుగురూ అక్కడ తయారైనవారే. 2012 నుంచి ఆ పనిని ఎన్.ఎక్స్.టి. అనే ప్రదర్శన చేస్తోంది. 2013లో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఏడు రింగులతో పెద్ద శిక్షణ కేంద్రం తెరిచారు.

అక్కడ మొదట నేర్పేది కొట్టడం కాదు, పడటం. వెల్లకిలా పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి. చేతులు చాచి అరచేతులతో రింగును చరచాలి. దెబ్బ ఒక్కచోట కాక వీపంతా సర్దుకోవాలి. ఆ తర్వాతే పట్లు, మైకులో మాట్లాడటం, కెమెరా ఎక్కడుందో గమనించడం.

పెద్ద రింగు

1993లో మొదలైన 'రా', 1999లో మొదలైన 'స్మాక్‌డౌన్' పెద్ద ప్రదర్శనలు. వేలమంది ప్రేక్షకులు, ప్రకటనలు, నిమిషాల లెక్క. అక్కడ కొత్తవారు తప్పు చేస్తే దిద్దుకునే సమయం తక్కువ. శిక్షణ రింగులో జనం తక్కువ, పోటీకి సమయం ఎక్కువ.

ఒక్క ఉదాహరణ చాలు. 2015 ఫిబ్రవరిలో 'రా'లో మహిళల జట్ల పోటీ ఒకటి సుమారు అర నిమిషంలో ముగిసిపోయింది. ప్రేక్షకులు తీవ్రంగా నిరసించారు. అదే ఏడాది అక్టోబరులో ఎన్.ఎక్స్.టి.లో సాషా బ్యాంక్స్, బేలీ 30 నిమిషాలు పోరాడారు. ఆ రోజు ప్రధాన పోటీ వారిదే. 2019లో రెజిల్‌మేనియా చివరి పోటీని తొలిసారి మహిళలు ఆడారు. ఆ ముగ్గురిలో బెకీ లించ్, షార్లెట్ ఫ్లెయిర్ ఎన్.ఎక్స్.టి. నుంచి వచ్చినవారే. అంటే చిన్న రింగు పెద్ద రింగుకు దారి చూపింది.

పోటీ రింగు

ప్రత్యర్థి సంస్థ సాధారణంగా పేరున్నవారిని తెచ్చుకుని పోటీకి దిగుతుంది. డబ్ల్యు.సి.డబ్ల్యు. సంస్థ 1994లో హల్క్ హోగన్‌ను తీసుకుంది. 1995లో 'నైట్రో' మొదలుపెట్టి, 1996 నుంచి 1998 వరకు 80కి పైగా వారాలు వరుసగా 'రా'ను ప్రేక్షకుల సంఖ్యలో ఓడించింది. అయినా 2001లో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. దాన్ని కొనేసింది. ఇదే సంస్థ శిక్షణశాలలో బటిస్టాను పనికిరావని పంపేశారు. అతను లూయీవిల్‌లో నేర్చుకుని 2005 రెజిల్‌మేనియాలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

2019లో ఎ.ఇ.డబ్ల్యు. అనే కొత్త ప్రత్యర్థి వచ్చింది. దాన్ని ఎదుర్కోవడానికి డబ్ల్యు.డబ్ల్యు.ఇ. ఎన్.ఎక్స్.టి.ని అదే బుధవారం రాత్రి రంగంలోకి దించింది. అక్టోబరు 2న ఎ.ఇ.డబ్ల్యు.ను సుమారు 14 లక్షలమంది, ఎన్.ఎక్స్.టి.ని సుమారు 9 లక్షలమంది చూశారు. ఆ తర్వాత కూడా ఎక్కువ వారాలు ఎ.ఇ.డబ్ల్యు.దే పైచేయి. 2021 ఏప్రిల్‌లో ఎన్.ఎక్స్.టి. మంగళవారానికి మారింది. ఆగస్టులో చాలామందిని తొలగించారు. సెప్టెంబరులో మళ్ళీ కొత్తవారికి నేర్పే వేదికగా మార్చారు. పాఠశాలను పోటీ దుకాణంగా మార్చితే ముందుగా నష్టపోయేది నేర్చుకునేవారే.

మనం తెలుసుకోవలసినది

ఎవరి ప్రదర్శన గొప్పది అని వాదించే ముందు ఏ ప్రదర్శన ఎందుకోసం ఉందో చూడాలి. శిక్షణ రింగుకు కొలమానం ఈ వారం ఎంతమంది చూశారన్నది కాదు, ఐదేళ్ళ తర్వాత అక్కడి నుంచి ఎవరు నిలబడ్డారన్నది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన లారీ డ్రైవర్ కొడుకు రింకూ సింగ్ 2018లో ఎన్.ఎక్స్.టి.కి వెళ్ళి, 2022లో 'వీర్ మహాన్'గా 'రా'లో కనిపించాడు. ఇంట్లో ముందెవరూ నడవని దారిలో నడిచేవారికి తప్పులు చేసి నేర్చుకునే చోటు ఎంత అవసరమో మన హాస్టళ్ళలో చదివేవారికి వేరే చెప్పక్కర్లేదు.

చివరగా తమ్ముళ్ళకు ఒక మాట. 2023 సెప్టెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలిలో జాన్ సీనా ఆడినప్పుడు మనవాళ్ళు ఎంత కేరింతలు కొట్టారో తెలిసిందే. చూసి ఆనందించండి. కానీ మంచం మీద నుంచి స్నేహితుడి మీదకు దూకకండి. వాళ్ళు ముందు పడటం నేర్చుకున్నారు. మనం నేర్చుకోలేదు.